ఆరు కుక్కలతో ఐ-40 మీద రాత్రి బసల వేట

నార్త్ కరొలైనాలోని కేరీ నుంచి కాలిఫోర్నియాలోని శాక్రమెంటోకు మకాం మార్చవలసి వచ్చినప్పుడు సామాన్ల సంగతి ఒక్క కంటైనరుతో తేలిపోయింది గానీ, మా ఆరు కుక్కల సంగతి అంత సులువుగా తేలలేదు. పెద్ద కుక్కలను విమానం అడుగున సరుకుగా పంపడానికి మాకు మనసొప్పలేదు. చాలా హోటళ్ళేమో గదికి రెంటికి మించి రానివ్వవు. చివరకు మావారు పడకలూ వంటా ఉండే ఇల్లులాంటి బండి, అంటే ఆర్‌వీ, పాతది ఒకటి కొన్నారు. విల్మింగ్టన్‌లో మొదలై, మా ఊరి పక్కగా సాగి, సుమారు 2,550 మైళ్ళ తర్వాత బార్‌స్టోలో ముగిసే ఐ-40 రహదారి పట్టుకుని అక్టోబరు మొదట్లో బయలుదేరాము.

బండిలోనే పడకలూ వంటా ఉన్నప్పుడు బసకేం కొదవ అనుకుంటారు. కుక్కలు ఒకటో రెండో అయితే ఆ మాట నిజమే. ఇటువంటి బళ్ళకు చోటు అద్దెకిచ్చే ఆర్‌వీ పార్కులు ‘పెంపుడు జంతువులకు అనుమతి ఉంది’ అని రాసుకున్నా, చాలాచోట్ల ఆ అనుమతి రెండు మూడు కుక్కలతో ఆగిపోతుంది; బీమా పేరు చెప్పి పిట్‌బుల్, రాట్‌వైలర్, డోబర్‌మన్ జాతులను గేటు దగ్గరే ఆపేసేవీ ఉన్నాయి. మా వాటిలో రెండు హైదరాబాదు వీధుల నుంచి వచ్చినవి, వాటి జాతి ఏమని రాయాలో ఏ దరఖాస్తులోనూ ఉండదు. అందుకని ఆన్‌లైన్ బుకింగు కట్టిపెట్టి, ప్రతిచోటికీ ఫోన్ చేసి, ఆరు కుక్కలని మొదటి వాక్యంలోనే చెప్పి, రేబీస్ టీకా కాగితాలు ఉన్నాయని రెండో వాక్యంలో చెప్పడం అలవాటు చేసుకున్నాను. అయినా టెనెసీలో ఒక పార్కువాళ్ళు ఫోన్‌లో సరేనని, చీకటి పడ్డాక మమ్మల్ని చూసి కాదన్నారు. ఆ రాత్రి మేనేజరును అడిగి ఒక వాల్‌మార్ట్ ఆవరణలో బండి పెట్టుకున్నాము. వాల్‌మార్ట్‌లలో నిద్ర చేయడం ఆ దుకాణం మేనేజరు ఇష్టం మీద, ఆ ఊరి నిబంధన మీద ఆధారపడుతుంది కనుక అడగకుండా ఆగకూడదు. ఖర్చు లేదన్న మాటే గానీ, పక్కన శీతల ట్రక్కు మోటారు ఆగి మోగినప్పుడల్లా ఆరూ ఒక్కసారిగా మొరుగుడు అందుకున్నాయి. కుక్కలు ఎక్కువున్నవారికి ఆ చోట్లు పనికిరావని నా అభిప్రాయం.

ఆర్కన్సాలో రసెల్‌విల్ దగ్గర నది ఒడ్డున సైన్యపు ఇంజనీర్ల విభాగం, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వారి క్యాంపుగ్రౌండులో మాత్రం ప్రాణం లేచి వచ్చింది. అద్దె తక్కువ, బండికీ బండికీ మధ్య ఎడం ఎక్కువ. కుక్కను పట్టుకునే పట్టీ ఆరడుగులు మించకూడదన్న నియమం తప్ప మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు.

అన్నిటికంటే మంచి బస ఒక్లహోమా పడమటి భాగంలో ఒక కౌంటీ ఫెయిర్‌గ్రౌండులో దొరికింది. పశువుల పోటీలు, గుర్రాల ప్రదర్శనలు జరిగే ఇటువంటి మైదానాల్లో, వచ్చినవారి కోసం కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఉంటాయి; ప్రదర్శనలు లేని రోజుల్లో మామూలు ప్రయాణికులకూ అద్దెకిస్తారు. ఎన్ని జంతువులని అడిగిన కాపలాదారు, ఆరు అనగానే, “ఆవులా?” అన్నాడు. కుక్కలని చెబితే, అయితే కొట్టం అక్కర్లేదు కదా అని నవ్వి, ఖాళీగా ఉన్న కంచె ఆవరణ ఒకటి చూపించాడు. బయలుదేరాక పట్టీలు విప్పి వదిలింది అక్కడే మొదలు. ఆశ్చర్యమేమంటే, కుక్కల కోసమే ప్రత్యేకంగా కట్టామని చెప్పుకునే పార్కుల పేర్లతో నిండిపోయిన నా జాబితాలో ఫెయిర్‌గ్రౌండు ఒక్కటీ లేదు.

టెక్సస్‌లో రహదారి విశ్రాంతి స్థలాల్లో 24 గంటల దాకా ఉండవచ్చునని చట్టమే చెబుతుంది. టెనెసీలో ఆ గడువు రెండు గంటలే. అమరిల్లో చుట్టుపక్కల గాలి బండిని ఊపేసింది, పశువులను మేపే దొడ్ల వాసనకు కుక్కలు కిటికీలు వదల్లేదు.

న్యూమెక్సికోలో లెక్క మళ్ళీ మార్చవలసి వచ్చింది. అక్టోబరు మొదటి రోజుల్లో ఆల్బకర్కీలో వేడిగాలి బెలూన్ల ఉత్సవం జరుగుతుంది. ఆ చుట్టుపక్కల ఆర్‌వీ స్థలాలు ఎప్పుడో నిండిపోతాయి. కనుక ముందే టుకుమ్కారిలో ఆగి, మర్నాడు ఆల్బకర్కీని దాటుకుని గ్రాంట్స్ వరకు పోయాము. టుకుమ్కారిలో కుక్కలను తిప్పుతుంటే మా భీముడు కాలెత్తి నిలబడిపోయాడు. చూస్తే పల్లేరు కాయలు. మా తాతగారి చేను గట్టున ఉండే మొక్కే, అచ్చంగా అదే కాయ. సెల్‌ఫోన్ లైటులో ఒక్కొక్క పంజా వేళ్ళ సందుల్లోంచి చిన్న పట్టకారుతో లాగడానికి భోజనం వేళ దాటిపోయింది. ఆ ప్రాంతంలో గడ్డి కంటే సిమెంటు నేలే మేలు.

ఆరిజోనాలో మేము చూసుకున్నది ఎత్తు. కరెంటు పోతే ఏసీ ఆగిపోతుంది, మూసిన బండిలో ఆరు కుక్కలకు ఎండ ప్రాణాంతకం. మేము లేనప్పుడు లోపలి వేడి పెరిగితే ఫోనుకు కబురు పంపే పరికరం పెట్టుకున్నా ఆ భయం పోలేదు. ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది, అక్టోబరు రాత్రులు గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంటాయి. అక్కడి కోకొనీనో జాతీయ అరణ్యంలో అనుమతించిన మట్టిదారుల పక్కన అద్దె లేకుండా ఉండవచ్చు. అక్కడ మాకు కరెంటు లేదు, దాని అవసరమూ రాలేదు. నక్కల్లాంటి కొయోట్ల కూతలకు మా హైదరాబాదీలు రెండూ బదులిచ్చాయి, మిగతావి మంచం కింద దూరాయి.

కొలరాడో నది ఒడ్డున ఉన్న నీడిల్స్‌కు దిగేసరికి అక్టోబరులోనూ మండుటెండ. కాలిఫోర్నియా వ్యవసాయ తనిఖీ కేంద్రంలో కుక్కల సంఖ్య గురించి ఎవరూ అడగలేదు, పండ్లూ మొక్కలూ ఉన్నాయా అని మాత్రమే అడిగారు. నిమ్మజాతి తోటలకు తెగులు మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుందని తెలుసు గనుక, మా చెట్టును కేరీలోనే స్నేహితులకు ఇచ్చి వచ్చాము. నీడిల్స్‌లో గానీ బార్‌స్టోలో గానీ రాత్రి ఉండకుండా, సుమారు 4,000 అడుగుల ఎత్తున చల్లగా ఉండే టెహచాపీ దాకా పోయి ఆగాము. ఫోన్‌లో ఆరు కుక్కలని చెప్పగానే అక్కడి పార్కు యజమానురాలు, తన దగ్గర ఎనిమిది ఉన్నాయన్నది.