పటం గోడ దిగింది

గోడకి తగిలించిన పటం చూపించి "ఉత్తరం ఎటు నాన్నా?" అని అడిగితే, మా క్లాసులో పద్నాలుగేళ్ల పిల్లాడు సీలింగు ఫ్యాను చూపించాడు. వాడి తప్పేం లేదు. పటంలో పైనున్నది ఉత్తరమని నేర్పింది నేనే. మేధో వైకల్యం ఉన్న పిల్లలు చెప్పిన మాటని చెప్పినట్టే తీసుకుంటారు. పైన అంటే పైనే.

మర్నాడే పటం దింపేశాను. గచ్చు మీద సుద్దతో మా రాజమండ్రి గీశాను. బడి, పుష్కరఘాట్, వంతెన, ధవళేశ్వరం, అంతే. నిజంగా గోదారి ఉన్న వైపే గచ్చు మీదా గోదారి వచ్చేట్టు గీశాను. పడమర అన్న మాట వాళ్లకి కొత్త. సాయంత్రం ఘాట్ మెట్ల మీద కూర్చుంటే సూర్యుడు అవతలి ఒడ్డున ఉన్న కొవ్వూరు వైపు దిగుతాడని మాత్రం అందరికీ తెలుసు. అందుకని ముందు "కొవ్వూరు వైపు" అన్నాం. "పడమర" నోటికి రావడానికి మూడు వారాలు పట్టింది. నాకేం తొందర లేదు.

గోదావరి 1,465 కిలోమీటర్లని, ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందని మామూలు బడిలో చెప్పేదాన్ని. ఇక్కడ పాత రేకు ట్రేలో ఇసుక పోసి, ఒక పక్క ఇటుక ఎత్తు పెట్టాను. ఎత్తు మీది గులకరాయి గోదారి పుట్టే త్ర్యంబకేశ్వరం. అక్కణ్ణించి చెంబుతో నీళ్లు వదిలితే ఇసుకలో దారి చేసుకుంటూ వచ్చాయి. కింద అడ్డంగా చెక్క స్కేలు గుచ్చితే ఆగి నిండాయి. "కాటన్ దొర!" అని అరిచిందో పిల్ల. గుర్రం మీద విగ్రహాన్ని రోజూ ఆటోలోంచి చూస్తుంది మరి. స్కేలు దిగువన వేలితో రెండు పాయలు తీశాను, గౌతమి, వశిష్ఠ. మధ్యలో మిగిలిన ఇసుక కోనసీమ అన్నాను.

ఫ్యాను చూపించిన పిల్లాడు లేచి బయటికెళ్లి, చెట్టు కింద నుంచి కొబ్బరిపీచు తెచ్చి ఆ ఇసుకలో గుచ్చాడు. "అమ్మమ్మ" అన్నాడు. వాళ్ల అమ్మమ్మది అంబాజీపేట. జొన్నాడ వంతెన దాటాకే అమ్మమ్మ ఊరొస్తుందని వాడికి బస్సు నేర్పింది. నేను ఆ ట్రేని రెండు రోజులు కదపనివ్వలేదు.

"వీళ్లకి భూగోళం ఎందుకండీ?" అని ఓ తండ్రి అడిగారు. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా పిల్లలకి ఆ అంకెలు రావు. పసుపు, నారింజ, ఎరుపు అట్టలు వచ్చు. బోర్డు మీద పసుపు అట్ట పెట్టిన రోజు నుంచి ఘాట్ వైపు వెళ్లకూడదని వచ్చు. తప్పిపోతే ఏ ఊరు బస్సు ఎక్కాలో చెప్పగలగడం కూడా నా లెక్కలో భూగోళమే.

దూరం ఇంకా పట్టుబడలేదు. వాళ్లకి కొవ్వూరూ నాసిక్కూ ఒక్కలాగే ఉన్నాయి. బస్సు ఆగినచోటల్లా దారానికి ఒక పూస ఎక్కించి చూద్దామనుకుంటున్నాను. మీలో ఎవరి దగ్గరైనా ఊరి పేరున్న పాత బస్సు బోర్డులుంటే పారేయకండి, మా క్లాసుకి కావాలి.