లీమా రోజమ్మ

ఇది కథోలికులు పునీతురాలిగా (సెయింట్‌గా) కొలిచే లీమా రోజమ్మ కథ. అమ్మమ్మ పేరు ఇసాబెల్ కాబట్టి ఆమెకూ ఇసాబెల్ అనే పేరుతోనే జ్ఞానస్నానం ఇప్పించారు. 1586లో, పెరూలోని లీమా నగరంలో. పిల్ల ఉయ్యాలలో ఉండగా, ఇంట్లో పనిచేసే మరియానా అనే ఆదివాసీ స్త్రీకి ఆ ముఖం గులాబీలా కనిపించిందట. ఆ రోజునుంచి తల్లి "రోసా", అంటే గులాబీ, అనే పిలవడం మొదలుపెట్టింది. అమ్మమ్మ ఊరుకోలేదు. నా పేరు పెట్టుకుని ఇంకో పేరుతో పిలుస్తారా అని గొడవ. పాపం ఆ పిల్ల రోసా అంటే పలికితే అమ్మమ్మకు కోపం, ఇసాబెల్ అంటే పలికితే అమ్మకు కోపం.

మన ఇళ్లలో దీనికి ఎప్పుడో దారి చూసుకున్నారు. పిల్లకు నానమ్మ పేరే పెడతారు. అత్తగారి పేరు నోటితో అనకూడదు కాబట్టి కోడలు ముద్దుపేరుతో పిలుచుకుంటుంది, ఎవరూ ఏమీ అనుకోరు. లీమాలో మాత్రం ఆ గొడవ 1597 దాకా సాగింది. ఆ ఏడు కీవెస్ అనే కొండ ఊళ్లో, భద్రమైన అభ్యంగనం (జ్ఞానస్నానం తర్వాత విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం) ఇస్తూ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) తోరీబియో దె మొగ్రొవేహో ఆమెను రోసా అనే పిలిచారు. తర్వాత ఆయన కూడా పునీతుడయ్యారు.

మా అమ్మమ్మ పేరు రోజమ్మ. గుంటూరు వైపు మా కథోలిక కుటుంబాల్లో ఆ పేరు కొత్తేమీ కాదు. అది లీమా నుంచి బయల్దేరిన పేరని నాకు న్యూజెర్సీలో నర్సు ఉద్యోగంలో చేరాకే తెలిసింది. ప్యాటర్సన్‌లో పెరూ వాళ్లు చాలామంది ఉన్నారు. నాతో డ్యూటీ చేసే పెరూ అక్క ఒకరు ఆగస్టు 30న నాకు నర్సుల దినోత్సవ శుభాకాంక్షలు చెప్పారు. పెరూలో పునీత రోజమ్మ పండగ, నర్సుల దినోత్సవం ఒకే రోజు. ప్రభుత్వ సెలవు కూడా.

ఎందుకు నర్సులకు ఆమె? ఈ సంగతి తెలిశాక నాకు ఆమె మీద ప్రేమ మరీ పెరిగింది. రోసా మఠంలో చేరలేదు. దొమినిక్ సభ అనే సన్యాస సభలో, మఠం బయట ఉండేవాళ్ల కోసం ఉన్న మూడవ శాఖలో చేరి ఇంట్లోనే ఉండిపోయింది. కుట్లు, అల్లికలు చేసి, తోటలో పూలు పెంచి అమ్మి ఇంటికి ఆసరా అయింది. ఇంట్లోనే ఒక గది తీసుకుని దిక్కులేని రోగులకు, ఆదివాసులకు సేవ చేసింది. 1617లో, 31 ఏళ్లకే చనిపోయింది. 1671లో పోపు పదవ క్లెమెంట్ పునీతురాలిగా ప్రకటించారు. అమెరికా ఖండాల్లో పుట్టినవాళ్లలో మొదటి పునీతురాలు ఆమే.

పటాల్లో ఆమె తల మీద గులాబీల కిరీటం ఉంటుంది. నిజానికి ఆమె పెట్టుకున్నది లోపల ముళ్లున్న లోహపు కిరీటం. అది ఎవరికీ కనబడకుండా పైన గులాబీలు చుట్టుకునేదని చెబుతారు. తన అందాన్ని పొగిడే పేరని ఆమెకు మొదట్లో రోసా అనిపించుకోవడం ఇష్టం లేదు. చివరికి "రోసా దె శాంతా మరియా" అని, మరియమ్మ గులాబీగా, ఒప్పుకుంది. ఒళ్లు హింసించుకునే ఆ తపస్సు నాకు కష్టంగానే అనిపిస్తుంది, రోజూ నొప్పి తగ్గించే పనిలో ఉన్నదాన్ని కదా. రోగుల గదిలోని రోసాకే నేను దణ్ణం పెట్టుకుంటాను.

స్పానిష్ మాట్లాడే దేశాల్లో ఈ పేరు వానగాలిలో కూడా ఉంది. అర్జెంటీనా, ఉరుగ్వేల్లో ఆగస్టు చివర వచ్చే గాలివానను శాంతా రోసా తుఫాను అంటారు. 1615లో డచ్చి ఓడలు లీమా రేవు కయావో మీదికి వస్తే ఆమె ప్రార్థనకు తుఫాను లేచి వాటిని తరిమిందని కథ.

లీమా వెళ్లేవాళ్లు తాక్నా అవెన్యూలో ఆమె గుడి చూడండి. ఆవరణలో బావి ఉంది, జనం కోరికలు ఉత్తరాలుగా రాసి అందులో వేస్తారు. పండగ రోజు చాంతాడంత క్యూ ఉంటుంది, తీరిగ్గా చూడాలంటే వేరే రోజు పెట్టుకోండి. ఆమె అవశేషాలు మాత్రం అక్కడ కాదు, శాంతో దొమింగో మఠంలో ఉన్నాయి. రెండూ పాత ఊళ్లోనే, నడిచి వెళ్లొచ్చు.