అమ్మకు విశ్వకర్మ కార్డు: నా అనుభవం

మాది మేదరి కుటుంబం. నాన్న వెదురు చీల్చి బద్దలు తీస్తాడు, అమ్మ అల్లుతుంది. ఒకప్పుడు కోతలకు ముందే గంపలు, తట్టలు, చేటలు కావాలని ఇంటికొచ్చి చెప్పి వెళ్లేవాళ్లు. ఇప్పుడు వాటి చోటంతా ప్లాస్టిక్ టబ్బులదే. చేతిపనివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరులో మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో బుట్టలల్లేవాళ్లు కూడా ఉన్నారని తెలిసి దరఖాస్తుకు పూనుకున్నాను.

కుటుంబంలో ఒక్కరికే అవకాశం. మరి ఎవరి పేరివ్వాలి? బద్ద ఒకే మందంలో రాకపోతే అల్లిక నిలవదు. అల్లే చెయ్యి లేకపోతే ఎంత మంచి బద్దయినా పొయ్యిలోకే. అయినా అమ్మ పేరే ఇద్దామని పట్టుబట్టాను. ఇన్నాళ్లూ ఏ కాగితంలోనూ ఆమెను పనిమంతురాలని రాయలేదు. నాన్న కూడా సరేనన్నాడు.

అసలు కష్టం వేలిముద్రల దగ్గర వచ్చింది. చిన్నప్పటి నుంచి బద్దల అంచులు ఒరుసుకుని అమ్మ వేళ్ల గీతలు అరిగిపోయాయి. దరఖాస్తు పెట్టే సీఎస్‌సీ (ఆన్‌లైన్ సేవల) కేంద్రంలో మిషన్ మీద ఏ వేలు పెట్టినా పడదు. చేతులు కడిగించి, తుడిచి, మళ్లీ మళ్లీ పెట్టిస్తే చివరికి ఎడమచేతి ఉంగరపు వేలు పడింది. చేతిపనివాళ్ల కోసం పెట్టిన పథకంలో ఈ ఇబ్బంది ముందే ఊహించాల్సింది.

తర్వాత దరఖాస్తు పరిశీలన: పంచాయతీ, జిల్లా కమిటీ, ఆపైన స్క్రీనింగ్ కమిటీ. ఆలస్యమైనా అన్నీ దాటాయి. శిక్షణలో రోజుకు రూ.500 ఇచ్చారు, పనిముట్లకు రూ.15,000 ఈ-వోచర్ వచ్చింది.

కానీ మా ఇంట్లో కత్తికి కొదవ లేదు, వెదురుకే కరువు. అడవి బయట పెరిగే వెదురును 2017లో చట్టం మార్చి చెట్ల లెక్కలోంచి తీసేశారు. రైతు గట్టు మీద వెదురు కొట్టుకోవడానికి ఆ చట్టం కింద పర్మిట్ అక్కర్లేదు. అయితే మా చుట్టుపక్కల గట్ల మీద వెదురు పెంచేవాళ్లేరీ? దూరం నుంచి లోడు దించుకోవాల్సిందే.

ఇదే పథకంలో 5 శాతం వడ్డీతో, 18 నెలల్లో కట్టేలా, మొదటి విడత లక్ష రూపాయల దాకా అప్పు దొరుకుతుంది. ఆ డబ్బుతో ఒకేసారి సరుకు కొనేద్దామన్నాను. నాన్న వద్దన్నాడు. పచ్చి వెదురైతేనే బద్ద సాఫీగా వస్తుంది, ఎండిందంటే పెళుసెక్కి విరుగుతుంది. అందుకే పేటలో ఇంకో రెండిళ్లవాళ్లతో కలిసి లోడు తెప్పించి పంచుకుంటున్నాం. ఆ ఇళ్ల దరఖాస్తులూ ఇప్పుడు నేనే నింపుతున్నాను. ఆధార్‌కు ఫోన్ నంబరు లింకయిందా, ఏ వేలి ముద్ర పడుతోంది అన్నవి ముందే చూసుకుంటున్నాను.