తుపాకీ గురించి అడిగే డాక్టరు

అమెరికా సర్జన్ జనరల్‌గా, అంటే ప్రజారోగ్యంపై దేశానికి సలహా చెప్పే ప్రభుత్వ డాక్టరుగా, వివేక్ మూర్తిని ఒబామా 2013 నవంబరులో ప్రతిపాదించినప్పుడు, ఆయన పూర్వీకులది కర్ణాటక కాబట్టి, హైదరాబాదులో మేమూ ఆ వార్తను మనవాడి విషయంలా చెప్పుకున్నాం. కానీ ఆ నియామకం ఏడాదికి పైగా సెనెట్‌లో నిలిచిపోయింది. తుపాకులు ఆరోగ్య సమస్యేనని ఆయన 2012లో ట్విటర్‌లో రాసిన మాటను పట్టుకుని తుపాకీ హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ గట్టిగా వ్యతిరేకించడంతో, ఒబామా సొంత పార్టీ సభ్యులు కొందరు సైతం వెనకడుగు వేశారు. చివరికి 2014 డిసెంబరులో 51–43 ఓట్లతో గట్టెక్కారు. చట్టాలు చేసే అధికారం లేని, ప్రజలకు సలహా చెప్పడమే ముఖ్యమైన పనిగా ఉన్న పదవికి ఇంత అడ్డంకి రావడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

మా బస్తీలోని పిల్లల డాక్టరమ్మ బిడ్డను తూకం వేస్తూనే, "ఎలుకల మందు ఎక్కడ పెడుతున్నావమ్మా, వీడికి అందదు కదా?" అని తల్లిని అడుగుతారు. ఆ ప్రశ్నను ఎవరూ రాజకీయం అనరు. అదే శ్రద్ధతో ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేస్తున్నారా, తూటాలు విడిగా ఉంచుతున్నారా అని అడగకుండా డాక్టర్లను కట్టడి చేస్తూ అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 2011లో చట్టం చేసింది. అందులోని కీలక నిబంధనలను ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2017లో కొట్టివేసింది.

అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. కుంగిపోయిన మనిషికీ తుపాకీకీ మధ్య కొంత దూరం పెంచడానికి డాక్టరు అడిగే ఆ ఒక్క ప్రశ్న తోడ్పడవచ్చు కనుక, అమెరికాలో ఉన్న మా బంధువులకు నేను చెప్పేది ఇదే: డాక్టరు అడిగితే దాచకండి, పిల్లలను ఆటకు పంపే ఇంటివారిని మీరూ అడగండి.