ఒకే చీపురు మీద పదమూడు మంది

మంత్రగత్తెల గుంపుని ఇంగ్లీషులో కవెన్ అంటారని ఎప్పుడో చదివాను గానీ, దాని పక్కన ఈజ్ పెట్టాలా ఆర్ పెట్టాలా అని ఒక పూటంతా తల పట్టుకుంటానని అనుకోలేదు. దిద్దమని ఆఫీసుకి వచ్చిన పిల్లల కథ, సాయంత్రానికి పంపేయాలి. రాసినావిడ ఒక పేజీలో ‘ద కవెన్ ఈజ్’ అంది, పేజీ తిప్పితే ‘ద కవెన్ ఆర్’. బ్రిటన్ వాళ్లు గుంపులో ఉన్న మనుషుల్ని తలుచుకుని ఆర్ వాడినా తప్పుపట్టరు, అమెరికా వాళ్లకి మాత్రం గుంపంటే ఒకటే, ఈజ్ ఉండాల్సిందే. పుస్తకం పోయేది అమెరికాకే కాబట్టి వరసగా అన్నీ ఈజ్ చేసుకుంటూ పోయి చీపురుకట్టల దగ్గర ఆగిపోయా. కవెన్ ఏకవచనమైతే చీపురు కూడా ‘ఇట్స్ బ్రూమ్’ అవ్వాలి కదా, అంటే పదమూడు మందీ ఒకే చీపురెక్కి బెంగళూరులో పొద్దున తొమ్మిదింటి బీఎంటీసీ సిటీ బస్సులోలాగా వేలాడుతూ పోతున్నారన్నమాట. పక్క సీట్లో హిందూపురం అమ్మాయి అది చదివి, “అక్కా, టికెట్ ఎవరు తీస్తారు?” అంది. కర్ణాటక ఆడవాళ్లకి ఆ బస్సులు ఫ్రీ కదే, 2023 నుంచీ!

చివరికి అక్కడ కవెన్ తీసేసి ‘ద విచెస్’ అని పెట్టా, ‘దెయిర్ బ్రూమ్స్’ హాయిగా సరిపోయింది.

ఈ పదమూడు లెక్క ఎక్కడిదా అని మధ్యాహ్నం టిఫిన్ బాక్సు ముందు పెట్టుకుని చదువుతూ కూర్చున్నా. 1662లో స్కాట్లాండులోని ఆల్డర్న్‌లో ఇసబెల్ గౌడీ అనే ఆవిడ, మంత్రగత్తె అన్న నేరం మీద జరిగిన విచారణలో నాలుగు సార్లు వాంగ్మూలం ఇచ్చింది. కుందేలుగా మారి తిరిగేవాళ్లమనీ, ఒక్కో కవెన్‌కి పదమూడు మందనీ చెప్పింది. ఆ తర్వాత ఆమెని ఏం చేశారో రికార్డుల్లో లేదు. అంకె మాత్రం నిలబడిపోయింది, 1921లో మార్గరెట్ మర్రే అనే పండితురాలు తన పుస్తకంలో దాన్ని అన్నిచోట్లా ఉన్న ఆచారంలా చెప్పేసరికి. తర్వాతి చరిత్రకారులు ఆ వాదనని ఒప్పుకోలేదు, కథలు రాసేవాళ్లకి అవన్నీ ఎందుకు. ఇంకో తమాషా, సన్యాసినులుండే కాన్వెంటుకీ దీనికీ మూలం ఒకటే, లాటిన్‌లో కలిసి రావడం.

అందుకే సంతలో అనుకోకుండా ఎదురుపడిన ముగ్గురు ముసలమ్మల్ని కూడా కథ రాసినావిడ కవెన్ అంటే కొట్టేశా. కూడబలుక్కుని, ఒక కట్టుబాటు పెట్టుకుని కలిసేవాళ్లకే ఆ మాట నప్పుతుందని నా పట్టుదల. మాక్‌బెత్ నాటకంలో ముగ్గురు మంత్రగత్తెలున్నా షేక్‌స్పియర్ వాళ్లని ఎక్కడా కవెన్ అనలేదు. మా మేనేజరేమో దీనికన్నా ఫ్యాన్సీ మాట ఏదైనా ఉంటే పెట్టమంటాడు, కాకుల గుంపుని మర్డర్ అంటారు కదా, అలాంటిది. ఆ కాకుల మాట 1486లో అచ్చయిన వేట పుస్తకంలోని జాబితాలోది, ఇవాళ క్విజ్‌లలో తప్ప ఎవరి నోటా వినబడదు. పిల్లల కథకి అదెందుకు, కథ వదిలేసి డిక్షనరీ వెతుక్కోవడానికా?

టీ టైములో మాట దయ్యాల మీదికి మళ్లింది. 90లలో ఇదే బెంగళూరులో తలుపుల మీద ‘నాళె బా’ అని రాసేవాళ్లని మా హౌస్ ఓనర్ ఆంటీ ఎప్పుడూ చెప్తుంటుంది, మనవైపు ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసినట్టే. పాపం ఆ దయ్యం ఒక్కతే వచ్చి, తలుపు కొట్టి, చదువుకుని వెళ్లిపోయేదట. ఈజ్, ఆర్ గొడవే లేదు.

ఫైలు ఆరింటికి పంపేశా. ఆవిడ రెండో కథ పిశాచాల మీదట, వాటి గుంపుకి పేరేమీ పెట్టొద్దని ముందే మెయిల్ కొట్టా.