బందరు పలకలు, భీమిలి గోడలు: ఈ విడత పని ఎక్కడిదాకా వచ్చిందంటే

తీరం వెంట డచ్చివాళ్ల కాలం నాటి సమాధులనూ పాత గోడలనూ ఫోటోలు తీసి, వివరాలు రాసుకుంటున్నాం. బందరులో సమాధి పలకలు చదివే పని ఈ విడత బాగానే నడిచింది. భీమిలిలో మాత్రం రాతల కంటే గోడలే ఎక్కువ టైం తినేశాయి.

ముందు పలకల సంగతి. ఈ తీరంలోని డచ్చి పలకల మీద అక్షరాలు ఎక్కువగా లోపలికి చెక్కినవి కావు, చుట్టూ రాయి తొలిచి ఉబ్బెత్తుగా తేల్చినవి. ఉప్పుగాలికి ఆ ఉబ్బెత్తు అంచులు అరిగిపోయాయి. మిట్టమధ్యాహ్నం వెళ్తే పలకంతా ఒకే మచ్చలా కనిపిస్తుంది, ఏమీ చదవలేం. పొద్దు పొడిచిన కాసేపటికే వెళ్లాలి. అప్పుడు ఎండ రాయి మీదుగా ఏటవాలుగా పాకుతుంది, ఒక్కో అక్షరం పక్కన సన్నటి నీడ పడుతుంది, పేరూ ఏడాదీ తేలతాయి. చెట్టు నీడలో ఉన్నవాటికి టార్చ్‌ను దాదాపు రాయికి ఆనించి పక్కనుంచి వేస్తున్నాం. నేను ఫోన్ కదలకుండా పట్టుకుంటే మా తమ్ముడు వెలుగు నాలుగు వైపులకూ తిప్పుతాడు. ఒక ఫోటోలో దొరకని గీత ఇంకోదాంట్లో దొరుకుతుంది. సుద్ద రుద్దడం, పిండి చల్లడం, ఇనుప బ్రష్‌తో నాచు గీకడం లాంటివి మాత్రం ఎవరు సలహా ఇచ్చినా చేయొద్దు. రాలిన అక్షరాన్ని మళ్లీ అతికించలేం. ఇంకో విషయం, ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) రక్షణలో ఉన్న చోట ట్రైపాడ్ వాడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి.

ఏడాదిలో ఒక అంకె చెరిగిపోతే చరిత్రే దిక్కు. డచ్చివాళ్లు బందరుకు వచ్చింది 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో. 1824 నాటి ఒప్పందం ప్రకారం డచ్చివాళ్లు తమ స్థావరాలను 1825లో ఇంగ్లీషువాళ్లకు అప్పగించారు. అంటే డచ్చి రాత ఉన్న పలక చాలావరకు ఈ రెండు వందల ఇరవై ఏళ్లలోదే. మిగిలిన అంకెలు కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. బందరులో ఏ పాత కట్టడాన్ని చూసినా 1864 నవంబరు 1 నాటి తుపాను కూడా గుర్తుంచుకోవాలి. ముప్పై వేల మంది దాకా పోయారు, సముద్రం ఊళ్లోకి వచ్చేసింది. ఆ నీటిలో మునిగి లేచినవీ, ఆ తర్వాత కట్టినవీ వేరువేరుగా రాసుకుంటున్నా.

ఇక భీమిలి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, పాత ఇళ్లలో జనం ఇప్పటికీ కాపురం ఉంటున్నారు. కాబట్టి రిపేర్లూ ఎక్కువే, గొడవంతా అక్కడే. డంగు సున్నంతో, అంటే గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నంతో కట్టిన గోడ నేలలోని చెమ్మను పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. ఆ నీళ్లతో పాటు ఉప్పూ పైకి ఎక్కుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు కరుగుతుంది, తగ్గితే గడ్డకడుతుంది. సముద్రం పక్కన ఇది రోజూ జరిగే తంతు. గడ్డకట్టిన ప్రతిసారీ ఉప్పు ఇటుక రంధ్రాలను లోపలినుంచి నెడుతుంది. పైన సిమెంటు పూస్తే చెమ్మకు దారి మూసుకుపోయి, పూత వెనకాలే ఉప్పు పేరుకుంటుంది, లేదా తడి ఇంకా పైకి ఎగబాకుతుంది. ఒక గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నడుమెత్తున సిమెంటు పెచ్చు ఊడి కింద పడి ఉంది. లోపల ఇటుకలు కరిగి గుంటలు పడ్డాయి, వాటి మధ్య సున్నం గీతలు మాత్రం తేనెపట్టులా నిలబడి ఉన్నాయి. వేలు పెడితే ఎర్రటి పొడి రాలింది. సముద్రం కంటే సిమెంటు బస్తాలే ఎక్కువ నష్టం చేశాయని నాకు గట్టిగా అనిపిస్తోంది.

అందుకే ఇప్పుడు ప్రతి గోడకూ మూడు ఫోటోలు: మొత్తం గోడ, స్కేలు పెట్టి చెమ్మ ఎక్కిన మేర, దగ్గరనుంచి ఇటుక. పుస్తకంలో చెమ్మ ఎంత ఎత్తుకు ఎక్కిందో సెంటీమీటర్లలో, గోడ ఏ దిక్కుకు ఉందో రాస్తాను. వేళ్ల కణుపులతో తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చే చోటికి గుర్తు పెట్టుకుంటాను, తర్వాత పెచ్చు ఊడేది ఎక్కువగా అక్కడే. ఇంటివాళ్లను అడక్కుండా తట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు. ఫైలు పేరులో ఊరు, కట్టడం, దిక్కు, తేదీ ఇదే వరసలో ఉంటే, వానల తర్వాత అదే చోట తీసినదాన్ని పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

తర్వాత పులికాట్. అక్కడ డచ్చివాళ్లు 1613లో కట్టిన గెల్డ్రియా కోటలో ఇప్పుడు చూడ్డానికి పెద్దగా ఏమీ మిగల్లేదు కానీ, అక్కడి డచ్చి శ్మశానం ద్వారం దగ్గర అస్థిపంజరాల శిల్పాలున్నాయి. ఈశాన్య రుతుపవనాలు వెళ్లి గోడలు ఆరాక, జనవరిలో వెళ్దామని తమ్ముడితో అనుకున్నాం. ఈలోగా భీమిలి ఫోటోలకు పేర్లు పెట్టడం పూర్తి చేయాలి.