రాత్రి తొమ్మిదింటికి ఆ వీధిలో ఎవరుంటారు?

గోదావరి ఎక్స్‌ప్రెస్ మమ్మల్ని వరంగల్‌లో దింపేసరికి ఇంకా తెల్లవారలేదు. నేనూ, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయీ. రామప్ప గుడి చూడాలని దానికి రెండేళ్లుగా కోరిక. రాజమండ్రి నుంచి ఒక్క రాత్రి ప్రయాణమే కదా అని బయల్దేరాం. లాడ్జి ఫోనులోనే కుదుర్చుకున్నాను. అవతలి మనిషి రెండు మాటలు గట్టిగా చెప్పాడు: గది స్టేషన్ పక్కనే, ఏ వేళ వచ్చినా తలుపు తీస్తాం. రోజుకు 1,400 రూపాయలు, ముందే పంపించాను.

రెండూ అబద్ధాలే. ఆటో నాలుగు మలుపులు తిరిగి ఒక సందు మొదట్లో ఆగింది. సందులో ఒక్క దీపం లేదు. లాడ్జి షట్టరు సగానికి దించి ఉంది. లోపలి నుంచి పలికే వాళ్లు లేరు, ఫోను ఎత్తే వాళ్లూ లేరు. మెట్ల మీద ఇద్దరు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. మమ్మల్ని ఏమీ అనలేదు, దారి ఇవ్వడానికి లేవనూ లేదు. మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగేంత గట్టిగా పట్టుకుంది. పగటిపూట అది మామూలు సందే కావచ్చు. మేము మాత్రం పగలు రాలేదు.

ఆటో అతను డబ్బులు తీసుకుని వెళ్లిపోకుండా అక్కడే నిలబడ్డాడు. ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను. "ఇక్కడ వద్దమ్మా. తెల్లవారేదాకా ఎంజీఎం దగ్గర కూర్చోండి, అక్కడ రాత్రంతా జనం ఉంటారు" అని మళ్లీ ఎక్కించుకున్నాడు.

ఎంజీఎం ఉత్తర తెలంగాణ జిల్లాలకు పెద్దాసుపత్రి. దాని ముందు రోడ్డు నిద్రపోలేదు. మందుల షాపుల్లో లైట్లు వెలుగుతున్నాయి. పేషెంట్ల తాలూకు వాళ్లు చాపలు పరచుకుని పడుకున్నారు, కొందరు ఫ్లాస్కులు పట్టుకుని తిరుగుతున్నారు. ఒక టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాం. కొట్టు నడిపేది ఒక ఆవిడ, యాభై దాటి ఉంటాయి. నున్నటి గుండ్రాయితో అల్లం ముక్కను రెండు దెబ్బలు వేసి, పిప్పితో సహా మరిగే పాలలోకి తోసింది. రాయిని చీర కొంగుతో తుడిచి మళ్లీ అదే చోట, డబ్బా మూత మీద పెట్టింది. ఆ పని చూస్తుంటే నా గుండె దడ తగ్గింది.

మా కథ విని ఆవిడ జాలి పడలేదు, మందలించింది. "రాత్రి తొమ్మిదింటికి ఆ వీధిలో ఏ కొట్టు తెరిచి ఉంటుందో అడిగావా చెల్లే? ఆడవాళ్లు నడుస్తుంటారో లేదో అడిగావా?" నేను అడిగింది వేడినీళ్లు వస్తాయా, స్టేషను ఎంత దూరం, ఈ రెండే. గది ఫొటోలు చూశాను, వీధి ఫొటో ఒక్కటీ చూడలేదు.

"ఇంకోటి. ఎత్తు మీద ఉందో పల్లంలో ఉందో కూడా అడగాలి" అంది. వాళ్ల చెల్లెలి ఇల్లు నయీంనగర్ నాలాకు, అంటే అక్కడి వాననీటి కాలువకు, దగ్గరట. 2023 జులై వానలకు అర్ధరాత్రి మంచం మీదికి నీళ్లు వచ్చాయట. పిల్లల్ని భుజాన వేసుకుని పక్కింటి మేడ ఎక్కారట. ఆ జులైలోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మేము చూడబోయే రామప్పదీ ఆ మండలమే. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన దాన్ని, పరాయి ఊళ్లో గది వెతికేటప్పుడు నీళ్ల సంగతి నాకు తట్టనే లేదు. గోదావరి చెప్పి వస్తుంది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, రెండోది, మూడోది అంటూ సర్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది. ఇక్కడి నాలా అలా చెప్పదు. కాకతీయుల కాలం నుంచీ ఇది చెరువుల ఊరు. చెరువులు పొంగితే ఆ నీళ్లు పోవలసిన దారులను ఆనుకుని ఇళ్లు లేచాయి. అద్దె తక్కువని అక్కడ కింది అంతస్తు గది తీసుకుంటే, వానాకాలంలో నిద్ర ఉండదు.

తెల్లవారాక హనుమకొండ వెళ్లాం. ముందే చేయవలసిన పని అది. రామప్ప వైపు బస్సులు హనుమకొండ బస్టాండు నుంచి, వేయిస్తంభాల గుడి అక్కడికి దగ్గర. 2021లో జిల్లాల పేర్లు మారాక హనుమకొండ ఒక జిల్లా, వరంగల్ ఒక జిల్లా అయ్యాయి. కాజీపేటతో కలిపి మూడూ ఒకే నగరం. 'వరంగల్‌లో గది' అంటే ఈ పొడవాటి నగరంలో ఎక్కడైనా కావచ్చు. చౌరస్తా నుంచి నక్కలగుట్ట దాకా పెట్టెలు మోసుకుంటూ మూడు లాడ్జీలు చూశాం. ఒకచోట రిజిస్టరులో మా పేర్లయినా రాసుకోకుండా తాళం చెవి చేతిలో పెట్టబోయారు. వద్దని వచ్చేశాను. మా పేర్లు రాయని వాళ్లు పక్క గదిలో ఎవరున్నారో మాత్రం రాస్తారా? చివరికి పెద్ద రోడ్డు మీదే, రెండో అంతస్తులో దొరికింది. ఆధార్ కార్డులు చూసి, రిజిస్టరులో సంతకాలు పెట్టించుకున్నారు. ఎదురుగా మందుల షాపు, టిఫిన్ సెంటరు. 1,800 రూపాయలు. పదకొండు దాటేదాకా హారన్లు. మొదటి లాడ్జి వాళ్లు 1,400లో ఒక్క రూపాయీ వెనక్కి ఇవ్వలేదు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు. మేడారం జాతర రోజుల్లో అయితే ఈ డబ్బుకు గది దొరకడమే కష్టమని కౌంటరు దగ్గరి అబ్బాయి చెప్పాడు.

రామప్ప గురించి ఇక్కడ రాయను. 1213 నాటి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన ఆ గుడికి, అక్కడి మదనికల శిల్పాలకు నాలుగు వాక్యాలు చాలవు. తిరుగు ప్రయాణం గురించి మాత్రం రాయాలి. జంగాలపల్లి క్రాస్‌రోడ్డులో బస్సు కోసం నిలబడేసరికి చీకటి పడింది. పొద్దుటి సందు గుర్తొచ్చి నాకు కడుపులో తిప్పింది. బస్సు వచ్చింది. చూస్తే నిండా ఆడవాళ్లే. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా. మా ఆధార్ ఆంధ్రాది కాబట్టి కండక్టరు మాకు టికెట్లు కొట్టాడు. మా వైపు కూడా ఆడవాళ్లకు ఉచిత బస్సు, స్త్రీశక్తి పథకం, వచ్చాక బస్సుల్లో ఈ రద్దీ చూస్తూనే ఉన్నాను గానీ, దాని ధైర్యం ఏమిటో తెలిసింది ఆ రాత్రే. నిలబడే చోటు లేదు. ఒకావిడ ఒడిలో కూరగాయల సంచీ, ఇంకొకావిడ భుజాన నిద్రపోతున్న పిల్లాడు. యూనిఫాం మీద స్వెట్టరు వేసుకున్న ఒక నర్సమ్మ మా అమ్మాయిని తన సీటులోనే సర్దుకుని కూర్చోబెట్టుకుంది. "ఎక్కడ దిగాలి బిడ్డా?" అని అడిగి, మా లాడ్జి పేరు విని, "అటు మంచిదే, నేనూ అటే నడుస్తా" అంది.

హనుమకొండలో దిగేసరికి తొమ్మిది దాటింది. మా అమ్మాయి బస్టాండు నుంచి లాడ్జి దాకా ఎదురైన ఆడవాళ్లను లెక్కపెట్టుకుంటూ నడిచింది. ముప్పై ఏడు మంది. నా చెయ్యి పట్టుకోలేదు.

మూడో రోజు రాత్రి స్టేషనుకు వెళ్తూ ఆటోను ఎంజీఎం మీదుగా తిప్పించాను. దారిలో తినడానికి తెచ్చుకున్న ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఒకటి విప్పకుండా మిగిలింది. టీ కొట్టు అక్క చేతిలో పెట్టాను. అక్కడికక్కడే విప్పి, మొదటిది బెంచీ చివర కూర్చున్న పేషెంటు భార్యకు ఇచ్చింది. తర్వాత నా వైపు తిరిగి, "గది ఎక్కడ దొరికింది?" అంది. చెప్పాను.

"ఎన్నో అంతస్తు?"

"రెండు."

తల ఊపి, అల్లం రాయి అందుకుంది.